నూనె రాసిన గవ్వలు

డిసెంబర్ 2

వాయవ్యపు గాలి ఇంకా ఆగలేదు. కిటికీ సందుల్లో పాత బట్టలు కుక్కాను. పెద్దమ్మ అడుగున హీటరున్న పొట్టి కొతాత్సు బల్ల దుప్పటి కింద నడుము దాకా దూరి, మాట తగ్గించిన టీవీలో ఎవరో ముల్లంగి తరుగుతుంటే చూస్తోంది. జూన్‌లో పెదనాన్న పోయినప్పటి నుంచి ఆమె ప్రపంచం ఆ దుప్పటి అంతే.

నిషివాకి గారు వచ్చింది. పట్టణ కార్యాలయంలో వృద్ధుల సంగతి చూసే ఆవిడ. పెద్దమ్మ మోకాళ్ళు వంచి, చాచి, పెదవి విరిచింది.

"కాళ్ళు వాడకపోతే పోతాయి, ఫుసాయె గారూ."

"పోనీండి. వాటికి ఎక్కడికి వెళ్ళాలనుందో వెళ్ళనీండి."

నిషివాకి గారు నవ్వలేదు. ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చి చూస్తుందట. అప్పటికి తనంతట తాను ఇంటి ముందు మెట్లు దిగి ఎక్కలేకపోతే ఈ ఇంట్లో ఒక్కదాన్నీ ఉండనివ్వరు. కొండ అవతలి హోమ్‌లో గది తీసిపెడతారు. అక్కడి నుంచి సముద్రం కనిపించదు. పెద్దమ్మ అంతా విని, కమలాపండు ఒలిచి, సగం నా చేతిలో పెట్టింది.

ఈ ఇంట్లో నేనూ ఉన్నాను గానీ నేను లెక్కలోకి రాను. వచ్చే సోమవారం ఒసాకా వెళ్ళిపోయేదాన్ని.

అమ్మ ఫోన్ చేసింది. నాతో రెండు మాటలు, పెద్దమ్మతో చాలాసేపు. పెద్దమ్మ "ఊఁ, ఊఁ" అంటూ నా వైపే చూసింది. మోకాళ్ళ గురించే అయి ఉంటుంది.

డిసెంబర్ 4

నిద్రపోయాను.

డిసెంబర్ 6

లేచేసరికి భోజనాల వేళయింది. చలికాలం ఈ ఊళ్ళో అందరూ అంతే అనుకుంటాను. (కాదు. చేపల షెడ్డులో ఆడవాళ్ళు చీకటితోనే పీతలకు తాళ్ళు కడుతుంటారు. పడుకునే ఉండి ఆ చప్పుడు వింటాను.)

మధ్యాహ్నం గాలి పడిపోయింది. కువాడా మాస్టారు గేటు దగ్గర నిలబడి కేకేశారు. బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. మూతపడిన ఆ బడిలోనే ఒక గది తెరిపించి, ఈ తీరానికి కొట్టుకొచ్చిన గవ్వలన్నీ అద్దాల బల్లల్లో పెట్టారు.

"ఫుసాయె గారూ, సముద్రం సంత పెట్టింది. రారూ?"

చలికాలం పెద్ద గాలి ఆగిన గంటలో ఈ ఊరి ముసలివాళ్ళంతా సంచులు పట్టుకుని ఇసుక మీద వంగి నడుస్తుంటారు. వేసవిలో వచ్చే పట్నంవాళ్ళకి ఏమీ దొరకదు. ఇచ్చేదంతా సముద్రం ఈ చలిలోనే ఇస్తుంది. పెద్దమ్మ, పెదనాన్న పెళ్ళయినప్పటి నుంచి ఒక్క చలికాలం తప్పలేదట.

నేనూ, మాస్టారూ చెరో రెక్క పట్టుకుని మెట్లు దింపాం. నురుగు ముద్దలు ముద్దలుగా ఎగిరి మొహాన పడుతోంది. కొరియా అక్షరాల సీసాలు, లైటర్లు, ఉబ్బి చచ్చిన ముళ్ళచేప, ఒక ఎడమకాలి చెప్పు. గవ్వల జాడ మాత్రం లేదు. మాస్టారికి ఏవో చిన్నవి దొరికాయి. పెద్దమ్మ కర్రతో నాచు కెలికి కెలికి ఆగింది.

"సముద్రానికి నాతో పనైపోయింది. పోదాం పద."

వచ్చి దుప్పట్లో దూరింది. రాత్రి అన్నం ముట్టుకోలేదు.

డిసెంబర్ 8

గాలి లేదు. రమ్మన్నాను. "ఎందుకు?" అంది. నేనూ దుప్పట్లో దూరాను.

ఒసాకాలో జరిగిందేమిటో ఒకసారి రాసి పెట్టుకుంటే మళ్ళీ రాయక్కర్లేదు. పాఠ్యపుస్తకాల కంపెనీలో తప్పులు దిద్దే ఉద్యోగం. అక్టోబర్‌లో ఒక పొద్దున నేను దిగాల్సిన స్టేషన్ వచ్చింది. దిగలేదు. చివరి స్టేషన్ దాకా వెళ్ళి, ఎదురు రైలెక్కి ఈ చివరికి వచ్చాను. సాయంత్రం దాకా అదే పని. తర్వాత కొన్నాళ్ళు అలాగే గడిచింది. ఎవరూ ఏమీ అనలేదు, ఏడుపేమీ రాలేదు, కిటికీ పక్క సీటు దొరికేది. అంతే. అమ్మే దాన్ని పెద్దది చేసింది.

డిసెంబర్ 9

మేడ మీద గదిలో పెదనాన్న గవ్వలున్నాయి. బియ్యపు బిస్కెట్ల రేకు డబ్బాలో, పొరకీ పొరకీ మధ్య పత్తి. చెర్రీపూల రంగు చిన్న చిప్పలు, గోరంత గవ్వలు, గుండ్రటి నత్తగుల్లలు. దుమ్ము పట్టినా నిగనిగలాడుతున్నాయి. ఒక్కోదాన్నీ కడిగి, ఆరబెట్టి, కమీలియా గింజల నూనె చుక్క వేసి వేలితో రుద్దేవారు పెదనాన్న. ఇక్కడ అందరూ అదే చేస్తారు, లేకపోతే ఎండాక గుల్ల సున్నంలా పాలిపోతుంది. చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడు నా చేత కూడా రుద్దించేవారు. ఆ వాసన రెండు రోజులు వేళ్ళకి ఉండేది.

ఒక గుప్పెడు కోటు జేబులో వేసుకున్నాను. రేపు చూద్దాం.

డిసెంబర్ 10

తెల్లారకముందే లేచాను. అలారం అక్కర్లేకపోయింది. అలలు వచ్చి వెనక్కి తిరిగే గీత వెంట, మెట్ల నుంచి పాత పడవ దాకా, ఆరేడు చోట్ల పెట్టి వచ్చాను. వేళ్ళు కొయ్యలయ్యాయి. గుమ్మంలో నా రబ్బరు బూట్ల నిండా తడి ఇసుక. కాలితో మూలకి తోశాను. పెద్దమ్మ టీవీ వైపు తిరిగి ఉంది.

"పెద్దమ్మా, గాలి పడింది. మాస్టారు సంచీతో వెళ్తుంటే చూశాను."

మాస్టారిని చూడలేదు. పెద్దమ్మ నా మొహం చూసింది, గడియారం చూసింది.

"నువ్వీ వేళప్పుడు లేచావేమే?"

"బాత్రూమ్‌కి."

ఏమనుకుందో, లేచింది. మెట్లు దింపడానికి చాలాసేపు పట్టింది. మొదటి చిప్ప పెట్టిన చోటికి రాగానే నేను సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను. పెద్దమ్మ ఆగింది. కర్ర ఆనించి, ఒక చేత్తో నా భుజం పట్టుకుని వంగింది. గులాబిరంగు చిప్పని అరచేతిలో పెట్టుకుని చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. ముసలివాళ్ళు ఏది దొరికినా వాసన చూస్తారు.

"దొరికింది," అంది.

మొత్తం అన్నీ దొరికాయి. మిసో చారుతో రెండు గిన్నెల అన్నం తింది.

డిసెంబర్ 11

మళ్ళీ పెట్టాను.

డిసెంబర్ 12

పెట్టాను. దొరికాయి. ఇవాళ మెట్లు దిగేటప్పుడు నా రెక్క వదిలి కమ్మీ పట్టుకుంది.

డిసెంబర్ 15

ఇందులో కొంత నేర్పు ఉంది. గవ్వని ఇసుక మీద పెడితే పెట్టినట్టే కనిపిస్తుంది. నోరు కిందికి ఉండేలా బోర్లించి, బొటనవేలితో కొంచెం నొక్కి, పక్కన రెండు నాచు పోగులు వేసి, గుప్పెడు సముద్రం నీళ్ళు చల్లాలి. అన్నీ ఒకే దూరంలో ఉండకూడదు. రెండు దగ్గరగా, తర్వాత చాలా దూరం ఖాళీ. కంపెనీలో ఇంత శ్రద్ధగా పని చేసి ఉంటే ఇప్పటికి నాకు విభాగమే అప్పగించేవాళ్ళు.

పెద్దమ్మ ముందు నడుస్తుంది, నేను వెనక. అప్పుడప్పుడు కర్ర చూపించి "అదేమిటో చూడవే, నా నడుం వంగదు" అంటుంది. అలా వంగి తీసిన వాటిలో నేను పెట్టనివి కూడా ఉంటున్నాయి. ఇవాళ వంకాయ రంగు గోరంత గవ్వ ఒకటి, నిజంగా చాలా బాగుంది. సముద్రానికి కూడా ఈమె మీద జాలి కలిగినట్టుంది.

వచ్చే సోమవారం వెళ్ళిపోవచ్చు. ఇంకో వారం చూసి.

డిసెంబర్ 18

సాయంత్రాలు హీటర్ పక్కన కూర్చుని దొరికినవన్నీ కడుగుతాం. నేను ఆరబెడతాను, పెద్దమ్మ నూనె రుద్దుతుంది. తర్వాత మేడ మీద డబ్బాలోకే. పొద్దున్నే నేను తీస్తాను. అంచు మీద పగులున్న గుండ్రటి నత్తగుల్ల ఒకటుంది, దాన్ని పెద్దమ్మ ఇప్పటికి మూడోసారి కనుక్కుంది.

"ఇలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదే," అంది ఇవాళ కూడా, వెలుగులో తిప్పి చూస్తూ.

మోకాళ్ళ సంగతి చూస్తూ తల సంగతి చూసుకోలేదేమో. నిషివాకి గారికి చెప్పాలా? చెప్తే ఫిబ్రవరి దాకా కూడా ఆగరు. చెప్పను.

ఇంకొకటి. డబ్బాలో చెర్రీ చిప్పలు తగ్గుతున్నాయి. రాత్రి పెట్టినన్ని పొద్దున ఉండటం లేదు. ఎలుకలు గవ్వలు తినవు కదా.

డిసెంబర్ 22

బజారులో తొమియె పట్టుకుంది. ఉప్పుచేపల కొట్టామె, పెద్దమ్మకి బళ్ళో జోడీ.

"ఏమమ్మా, పట్నం పిల్లా, సూర్యుడు నీ కంటపడుతున్నాడటగా ఈమధ్య?"

"అప్పుడప్పుడు."

"మీ పెద్దమ్మ సంచీ నిండా తెస్తోందట. నేను పక్కనే నడిచినా నాకు ఒట్టి సీసాలే. సముద్రానికి కూడా మనుషుల్ని బట్టి మర్యాద."

"మీరు సీసాల కోసం చూస్తున్నారేమో."

"నోరు మాత్రం మీ పెద్దమ్మదే," అని ఎండు మెకరెల్ చేపలు రెండు ఎక్కువ వేసింది.

డిసెంబర్ 28

ఉరిమింది. ఇక్కడ శీతాకాలం ఉరిమితే మంచు. పొద్దుటికి ఇసుకంతా తెల్లగా ఉంది. ఒక్క అలల గీత దగ్గర మాత్రం నల్లటి పట్టీ.

యథాప్రకారం వెళ్ళి పెట్టి వచ్చాను. వచ్చి, అన్నం తింటుండగా తట్టింది. మంచు మీద నా బూట్ల అచ్చులు. మెట్ల నుంచి పడవ దాకా, పెట్టిన ప్రతిచోటా ఆగి, మళ్ళీ వెనక్కి. చిన్నపిల్లలు కూడా చెయ్యని పని.

ఏదో వంక చెప్పి ఆపుదామనుకునేలోగా పెద్దమ్మ కోటు వేసుకుంది. మెట్ల మీద నిలబడి కిందికి చూసింది. నా అచ్చుల మీదే కాళ్ళు వేసుకుంటూ నడిచింది, జారకుండా ఉండటానికి అనుకుంటాను. ప్రతిచోటా ఆగింది, ప్రతిచోటా దొరికింది.

"మంచు పడితే భలే దొరుకుతాయి," అంది.

కళ్ళు కూడా సరిగా ఆనడం లేదేమో.

జనవరి 1

చావు జరిగిన ఇల్లు, మాకు ఈ ఏడు శుభాకాంక్షలు లేవు, కార్డులు లేవు. గుండ్రటి మోచి బియ్యపు ముద్దలు వేసి చారు తాగాం. పెద్దమ్మ పెదనాన్న ఫొటో ముందు ఒకటి పెట్టి, కాసేపాగి, చల్లారిపోతుందని తనే తినేసింది.

అమ్మ ఫోన్. "ఎన్నింటికి లేస్తున్నావే?" అని నన్నడిగింది. పెద్దమ్మ మోకాళ్ళ గురించి ఒక్క మాట అడగలేదు. మతిమరుపు వాళ్ళ వంశంలోనే ఉన్నట్టుంది.

జనవరి 9

పొద్దున డబ్బా అడుగున చెయ్యి పెడితే పత్తిలో చుట్టి పెద్ద గవ్వ తగిలింది. చిన్నపిల్ల పిడికిలంత. తెలుపు మీద ముదురు గోధుమ చుక్కలు, పింగాణీతో చేసినట్టు నునుపు. రోజూ అవే చిన్న చిప్పలు పెట్టి నాకే విసుగ్గా ఉంది. పడవ దగ్గర నాచులో సగం కప్పి పెట్టాను.

పెద్దమ్మ దాన్ని తీసింది గానీ ఎప్పటిలా "దొరికింది" అనలేదు. రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. మొహంలో రంగు లేదు. చలి ఎక్కువైందేమో అని నేను మఫ్లర్ తీస్తుండగా మాస్టారు పడవ వెనక నుంచి వచ్చారు. పెద్దమ్మ చేతిలోది చూసి చేతిలోని ఫ్లాస్కు ఇసుకలో పడేశారు.

"ఎక్కడ? ఎక్కడ దొరికిందది?"

పెద్దమ్మ నన్ను చూసింది. నేను ఫ్లాస్కు తీసి ఇసుక తుడిచాను.

"ఇక్కడే," అంది పెద్దమ్మ చివరికి. "ఈ నాచులో."

ఆయన గ్లౌజులు తీసి, తుడుచుకుని, అడిగి మరీ పుచ్చుకున్నారు. ఇది దక్షిణ ద్వీపాల గవ్వట. వెచ్చటి నీళ్ళలో పగడాల మధ్య తప్ప బతకదట. ఈ తీరంలో ఇంతవరకు ఎవరికీ దొరకలేదట.

"ముప్ఫయ్యేళ్ళు తిరిగాను ఫుసాయె గారూ. ఎప్పుడైనా ఒకటి వస్తుంది, ప్రవాహం దారి తప్పి ఒక్కటైనా వస్తుంది అనుకునేవాణ్ణి. చూడండి, గీత కూడా పడలేదు."

గీత పడకుండా అంత దూరం ఎలా వచ్చిందని ఆయన అడగలేదు. అడుగుతారనే నిలబడ్డాను.

జనవరి 11

బడి గది తలుపు మీద నోటీసు. మాస్టారి గుండ్రటి దస్తూరీ. ఇరవై ఒకటో తేదీ, ఆదివారం గవ్వల సంఘం సమావేశం. ఫుసాయె గారికి దొరికిన అరుదైన గవ్వ ప్రదర్శన. జిల్లా పత్రిక నుంచి మనిషి వస్తాడు. గవ్వకి అద్దం పెట్టె అప్పుడే సిద్ధమైంది. ఆయన కోటు ఇస్త్రీకి ఇచ్చారని తొమియె చెప్పింది.

జనవరి 13

చెప్పాలి. మాస్టారికి ఒక్కరికే చెప్తే చాలు.

బడి దాకా వెళ్ళాను. ఆయన అట్లాసు తెరిచి, దారం పెట్టి దక్షిణాన ఒకినావా ద్వీపాల నుంచి ఇక్కడికి కొలుస్తున్నారు. టీ ఇచ్చారు. తాగి వచ్చేశాను.

చెప్తే ఏమవుతుంది: మాస్టారి ముప్ఫయ్యేళ్ళు పోతాయి. పెద్దమ్మకి, నెల పైగా తనకి సముద్రం ఇచ్చిందనుకున్నవన్నీ నేను పెట్టినవని తెలుస్తుంది. కాళ్ళు మళ్ళీ దుప్పట్లోకి. ఫిబ్రవరి. కొండ అవతల గది.

చెప్పకపోతే ఏమవుతుంది: ఒక అబద్ధం అద్దం పెట్టెలో కూర్చుంటుంది. ఎవరికీ నష్టం లేదు. నేను తప్పులు దిద్దే మనిషిని, ఎవరికీ నష్టం లేని తప్పులే దిద్దేదాన్ని.

జనవరి 14

పెట్టలేదు. పెద్దమ్మ తనే కోటు వేసుకుని "రావేం?" అంది. వెళ్ళాం. నేనేమీ పెట్టని ఇసుక మీద నాలుగు చెర్రీ చిప్పలు దొరికాయి. నాలుగూ నేనే వంగి తీశాను. ఎండాక కూడా మెరుస్తున్నాయి.

రాసి, ఈ పై వాక్యం చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఏమిటో. నిద్ర వస్తోంది.

జనవరి 17

పెద్దమ్మ సరిగా తినడం లేదు. అద్దం ముందు కూర్చుని, "ఆదివారం వాళ్ళు ఏమడుగుతారంటావు?" అంది.

"ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది అంటారు."

"నువ్వు చెప్తావా?"

"దొరికింది నీకు కదా."

"అవునవును," అంది. దువ్వెనలో వెంట్రుకలు తీసి ఉండ చుట్టింది.

జనవరి 21

సాయంత్రం. ఒక వరసలో రాయాలి.

బడి గదిలో రెండు హీటర్లు వెలిగించారు. సంఘంలోని ముసలివాళ్ళందరూ వచ్చారు. తొమియె ఎండుచేపలు కాల్చి తెచ్చింది. నిషివాకి గారు కూడా వచ్చింది. పట్టణ కార్యాలయం పత్రికలో వేయడానికి ఫొటో కావాలట. పత్రిక కుర్రాడు బూట్లు విప్పి, మేజోడు చిల్లు దాచుకుంటూ కూర్చున్నాడు. బల్ల మధ్యలో అద్దం పెట్టె, నీలం గుడ్డ మీద గవ్వ.

మాస్టారు మాట్లాడారు. ప్రవాహాల గురించి, దారం పెట్టి కొలిచిన దూరం గురించి. చివర్న కోటు సర్దుకుని, "ఇక దొరికినావిడే చెప్పాలి," అన్నారు.

నేను లేవాలని మోకాలి మీద చెయ్యి పెట్టాను. పెద్దమ్మ ముందే లేచింది. బల్ల అంచు పట్టుకోకుండా లేచింది, అది కూడా చూశాను.

"మాస్టారూ, క్షమించాలి. ఇది సముద్రం ఇచ్చింది కాదు. మా పెళ్ళయిన కొత్తలో ఒకినావా వెళ్ళినప్పుడు రేవు దగ్గర కొట్లో మా ఆయన కొన్నది. నేనే దాన్ని ఇసుకలో పడేశాను."

హీటర్ మీద కెటిల్ మూత ఆడిస్తోంది. నిషివాకి గారు ముందుకు వంగింది.

"పడేశారంటే? జేబులో ఉందని మర్చిపోయారా?" చాలా మెల్లగా అడిగింది. ఆ మెత్తదనం నాకు తెలుసు. అలాంటి గొంతుతోనే నన్ను కంపెనీ డాక్టరు అడిగాడు.

అవునంటే పెద్దమ్మ మతిపోయిన ముసలిది. కాదంటే నా పేరు చెప్పాలి. ఆమె నోరు తెరిచింది. "అవును" అనబోతోంది.

"కాదు," అన్నాను. లేచి నిలబడ్డట్టు తర్వాత తెలిసింది. "అది పెట్టింది నేను. అన్నీ నేనే పెట్టాను, డిసెంబర్ నుంచి. మేడ మీద డబ్బాలోవి తీసి తెల్లవారుజామున పెట్టేదాన్ని. పెద్దమ్మ నడవాలని. ఇది ఎక్కడిదో నాకు తెలీదు మాస్టారూ. అందంగా ఉందని పెట్టాను."

"నువ్వు కూర్చోవే."

"కూర్చోను. పెద్దమ్మకి ఏమీ తెలీదు."

పెద్దమ్మ నావైపు తిరిగింది. మొహంలో చిరాకు, చారులో ఉప్పు ఎక్కువేసినప్పుడు కనిపించేది.

"తెలీకపోవడమేంటే. పెళ్ళైన దగ్గర్నుంచీ నేను నూనె రుద్దిన గుల్లలు. సముద్రంలోంచి వచ్చిందానికి కమీలియా వాసనేస్తుందా? మొదటి రోజే తెలుసు. పొద్దెక్కినా లేవని పిల్ల చీకట్లో లేచి బయటికి పోతోంది, ఎందుకో ఏమో పోనీ అనుకున్నా. ఆపితే మళ్ళీ పడుకుంటుందని దొరికినట్టే ఉన్నా."

"మరి ఆ వంకాయ రంగు గవ్వ?" అన్నాను. గదిలో అందరూ ఉన్నారని మర్చిపోయాను. "నేను పెట్టనివి దొరికేవి కదా?"

"నువ్వు వెనకాల తల వంచుకుని వచ్చేదానివి. రాత్రి నువ్వు పడుకున్నాక మేడెక్కి తెచ్చుకున్నవి జేబులోంచి ఒకటీ ఒకటీ జారవిడిచేదాన్ని. ఏదైనా దొరికితే నీ మొహం కాస్త మనిషి మొహంలా ఉండేది. మీ అమ్మ రోజూ ఫోన్ చేసి ప్రాణం తీస్తోంది, దాన్ని ఎలాగైనా బయటికి తీసుకెళ్ళక్కా అని."

తొమియె కాల్చిన చేప పట్టుకునే ఉంది. "అంటే ఇన్నాళ్ళూ మీరిద్దరూ ఒకే డబ్బాలోవి అటొకరు ఇటొకరు పారేసుకుని ఏరుకుంటున్నారా? నేనేమో పక్కనే సీసాలు తొక్కుకుంటూ తిరిగాను."

ముందు నవ్విందెవరో తెలీదు. నేను మాత్రం కాదు. నవ్వు ఆగాక అందరూ మాస్టారిని చూశారు.

ఆయన అద్దం మూత తెరిచి, గవ్వ తీసి, బొటనవేలితో ఒకసారి రుద్ది వాసన చూశారు. తలాడించారు. గవ్వని పెద్దమ్మ చేతిలో పెట్టి, తలుపు దగ్గరికి వెళ్ళి నోటీసు మేకులు ఊడదీసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఇస్త్రీ కోటు జేబులో పెట్టుకున్నారు.

"పన్నెండు రోజులు బాగా గడిచాయి," అన్నారు. కళ్ళజోడు చాలాసేపు తుడుచుకున్నారు. "టీ తాగుదాం. చేప చల్లారుతోంది."

పత్రిక కుర్రాడు ఏం రాసుకోవాలని అడిగితే "మంచు గురించి రాయి" అంది తొమియె.

నిషివాకి గారు బూట్లు తొడుక్కుంటూ పెద్దమ్మని ఆపింది.

"డిసెంబర్ నుంచి రోజూ ఆ మెట్లు దిగి ఎక్కారా?"

"ఎక్కకపోతే ఇంటికెలా వస్తానమ్మా."

నిషివాకి గారు నవ్వడం మొదటిసారి చూశాను. ఫిబ్రవరిలో వస్తాను గానీ టీకి వస్తాను అంది.

ఇంటికి వచ్చేటప్పుడు సగం దారిలో పెద్దమ్మ "మంచు మీద అచ్చులు వేసుకుంటూ పోయావు, తెలివి తక్కువదానా" అంది. అంతే.

జనవరి 22

అమ్మ ఫోన్. పెద్దమ్మ మోకాళ్ళు బాగున్నాయని నేను చెప్పాను. నేను బాగున్నానని పెద్దమ్మ చెప్పింది.

జనవరి 24

గాలి. డబ్బా మూత బిగించి, పైన ఇస్త్రీపెట్టె పెట్టాను. పెద్ద గవ్వ పెదనాన్న ఫొటో పక్కన ఉంది.

ఆ రోజు చేతిలోకి తీసుకున్నప్పుడు ఏమనుకున్నావని అడిగాను.

"ఏమనుకుంటాను. మీ పెదనాన్న దీనికి బేరం ఆడాడు. నాకు సిగ్గేసి దుకాణం బయట నిలబడ్డా."

జనవరి 27

పొద్దున గాలి పడింది. గుమ్మంలో పెద్దమ్మ చెయ్యి చాపింది.

"జేబులు చూపించు."

తిరగేసి చూపించాను. రైలు టిక్కెట్టు ముక్క ఒకటి, దారం ఉండ. "నీవి?"

తనవీ తిరగేసింది. నోరు తుడుచుకునే కాగితం, దగ్గు బిళ్ళ. దగ్గు బిళ్ళ నాకిచ్చింది.

చాలా దూరం నడిచాం, పాత పడవ దాటి, వాగు కలిసే చోటు దాకా. ఎప్పుడూ అంత దూరం వెళ్ళలేదు. ఏమీ లేదు. కాలిపోయిన బల్బు, తాడు ముక్కలు, పేరు తెలియని చేప ఎముక. దూరంగా మాస్టారు వంగి నడుస్తున్నారు. పాత కోటు. మమ్మల్ని చూసి, తన జేబులు కూడా రెండూ బయటికి లాగి గాల్లో ఊపారు. పెద్దమ్మ నవ్వి కర్ర ఎత్తింది.

చలికి చెవులు పడిపోతున్నాయి, ఇక తిరుగుదాం అనుకుంటుండగా అల వెనక్కి పోయిన చోట ఏదో కనిపించింది. చెర్రీ చిప్ప. ఒక పక్కే. అంచు విరిగి, మధ్యలో సన్నటి రంధ్రం. డబ్బాలో అయితే పెదనాన్న ఉంచే రకం కాదు.

పెద్దమ్మ కర్ర నా చేతికిచ్చి, ఏదీ పట్టుకోకుండా వంగి తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నా ముక్కు దగ్గర కూడా పెట్టింది. ఒట్టి ఉప్పు వాసన.

"ఇదెవరు పెట్టారు?" అంది.

"నేను కాదు."

"నేనూ కాదు."

హీటర్ పక్కన ఆరింది. పాలిపోయింది. నూనె రాయలేదు.